వదిన పెనుకొండలో దిగిన రోజు

నాటకం అంటే రంగులు పూసుకుని, తెర వెనక నుంచి ఎవరో అందించే మాటలు అప్పజెప్పడం అని నేనూ అనుకునేదాన్ని. మేం ఆడేదానికి రంగుల్లేవు, తెర లేదు, ముందే రాసిపెట్టుకున్న మాట ఒక్కటీ లేదు. హిందూపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే టీచరమ్మ, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, దీన్ని మొదలుపెట్టింది. ఐదుగురం ఆడవాళ్లం, ఆదివారం మధ్యాహ్నాలు ఆమె మేడ మీది ట్యూషన్ గదిలో చేరేవాళ్లం. నేను చేరేనాటికి నాకు యాభై ఒకటి. మోకాళ్ల నొప్పులకు డాక్టరు నడవమన్నాడని పొద్దున్నే గ్రౌండులో నడుస్తూ, నడిచినంతసేపూ మా వీధివాళ్లను ఒక్కొక్కరినీ అనుకరించి తోడు నడిచే టీచరమ్మను నవ్వించేదాన్ని. ఈ నోరు ఊరికే పోకూడదని ఆమె నన్ను లాక్కుపోయింది.

మా పద్ధతి చాలా తేలిక. ఎక్కడికి పోయినా ముందు టీచరమ్మ ఆడవాళ్ల ఎదురుగా నిలబడి, "మీ బతుకులో ఒక్క రోజు చెప్పండి, ఒక్కటే రోజు" అంటుంది. కాసేపు ఎవరూ నోరు తెరవరు. తర్వాత ఎవరో ఒకరు చెప్తారు. ఆమె చెప్పింది మేం అక్కడికక్కడే ఆడేస్తాం. చెప్పినామె ఆడదు, ముందు కుర్చీలో కూర్చుని చూస్తుంది. మేం తప్పు ఆడితే "అట్ల కాదు" అంటుంది. అప్పుడు ఆపి మళ్లీ ఆడతాం. ఆమె చాలు అనేదాకా ఆడాల్సిందే. సోమందేపల్లిలో ఒక పెద్దామె తన కూతురు పుట్టిన రోజు చెప్పి మాతో ఆరుసార్లు ఆడించింది. ఆరోసారికి మంత్రసానిగా కింద కూర్చున్న నేను మళ్లీ లేవలేకపోతే ఇద్దరు పట్టుకుని లేపారు.

జనం సర్దుకుని కూర్చునేదాకా మాత్రం ఒక చిన్న సరదా ముక్క ఆడేవాళ్లం. దాంట్లో నేను ఆడబిడ్డను. మా ఐదుగురిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే అమ్మాయి కోడలు. ఆడబిడ్డ బియ్యం కొలుస్తుంది, కొలపాత్ర మీద అరచేత్తో చదును చేస్తుంది, నాలుగు గింజలు తీసి మళ్లీ డబ్బాలో వేస్తుంది. కోడలి ముఖం చూసి ఇంకో రెండు గింజలు కూడా తీసేస్తుంది. అంతే, నవ్వులే నవ్వులు. అప్పుడు కోడలు, "నీ ఇంట్లో నువ్వు నిలబడలేకపోతివి, మా ఇంట్లో పెత్తనమేంది" అంటుంది. నేను కొంగు దులిపి, "నన్ను ఈ ఊరోళ్లే కదమ్మా తరిమింది" అని ఏ ఊళ్లో ఆడుతుంటే ఆ ఊరి పేరు కలిపేదాన్ని. హిందూపురంలో హిందూపురం, సోమందేపల్లిలో సోమందేపల్లి. తమ ఊరి పేరు వినబడగానే జనం ఊగిపోయేవాళ్లు. అదెంత చిన్న కిటుకో అంత బాగా పనిచేసేది.

ఆ ఆడబిడ్డ ఎవరో నేను ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మ నేను కల్పించాననే అనుకుంది. కల్పించడానికి నాకేం పని? మా ఇంట్లో ఉంది కదా.

మా వదినకు ఇప్పుడు అరవై ఒకటి. మా ఆయనకు అక్క. మాది హిందూపురంలో కిరాణా అంగడి, మా మామగారు పెట్టింది. వదినను పందొమ్మిదో ఏట ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. మూడేళ్లకు వాళ్లు తరిమేశారు. నాకు పెళ్లయి వచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి ఒక బంధువు దొడ్లో నిలబెట్టి గుసగుసగా చెప్పి, ఆమె ముందు ధర్మవరం మాట ఎత్తొద్దని హెచ్చరించింది. మామగారు అక్కడికి పోయి అల్లుడి కాళ్లు పట్టుకున్నాడట. అయినా వాళ్లు మాకొద్దు అన్నారట. ఆ తర్వాత మా ఇంట్లో ధర్మవరం గడ్డ మీద నేసింది ఏదీ కొనలేదు. రెండు గంటల దూరంలో అంత మంచి పట్టు పెట్టుకుని నా పెళ్లిచీర కంచి నుంచి తెప్పించారు. మా అమ్మ దానికి చాన్నాళ్లు మురిసిపోయింది, అసలు కారణం తెలియక.

వదినా నేనూ ముప్పై ఏళ్లలో పోట్లాడుకోని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పప్పులో ఉప్పు దగ్గర నుంచి నా కూతురి పేరు దాకా అన్నీ తగాదాలే. ఆమె మాట పెళుసు, నా మాట కారం. కానీ నేను నాటకాల్లో చేరతానన్నప్పుడు మా ఆయన, "ఈ వయసులో గంతులేంటికి? అంగడికి వచ్చేవాళ్లు నవ్వుతారు" అని ఎగిరితే, వదినే గోధుమలు ఏరుకుంటూ, "పోనీరా. ఆదివారం వంట నేను చూస్కుంటా. ఆ నోరు మూడు గంటలు బయటుంటే నాకూ చెవులు సల్లగుంటాయి" అంది. మూడేళ్లుగా నేను ఊళ్లు తిరిగిందంతా ఆమె వంట చేసి పెట్టబట్టే. అలాంటి మనిషిని ఊరూరా నలుగురి ముందు నవ్వులపాలు చేస్తున్నానని నాకు ఒక్కసారీ అనిపించలేదు. నవ్వులు అంత రుచి మరి.

పోయిన ఏడాది చలికాలంలో ధర్మవరం పోయాం. మగ్గాలున్న సందు చివర చిన్న షామియానా వేశారు. కండెలు చుట్టే ఆడవాళ్లు పని ఆపి, ఒళ్లో పట్టు పోగులు దులుపుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఆ ఊరికి పోతున్నానని ఇంట్లో నేను చెప్పలేదు, ధర్మవరం దగ్గర పల్లె అన్నాను. అంత జాగ్రత్తపడ్డదాన్ని, ఆట మొదలయ్యాక మాత్రం నోరు తన దారిన తాను పోయింది. బియ్యం కొలిచాను, గింజలు వేశాను, నవ్వులు వచ్చాయి. కోడలు అనాల్సింది అంది. నేను కొంగు దులిపి, "నన్ను ఈ ధర్మవరమోళ్లే కదమ్మా తరిమింది!" అన్నాను.

ఎన్నడూ లేనంత నవ్వు వచ్చింది. ఒకామె చప్పట్లు కొడుతూ లేచి నిలబడింది. నాకు మాత్రం ఆ నవ్వు రుచించలేదు. ఇంతకుముందు ఏ ఊళ్లో అన్నా అది ఉత్త మాట. ఇక్కడ అదే మాట నిజం. మా వదిన పేరు చెప్పలేదు కానీ మిగతాదంతా చెప్పేశాను. తర్వాత ఆ ఊరామె ఒకతె తన రోజు చెప్పింది, మేం ఆడాం. ఏం ఆడామో నాకు గుర్తులేదు.

సోమవారం పొద్దున పదిగంటలకల్లా ఆ ముక్క మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. ఎవరో సెల్‌లో తీశారు, ధర్మవరం బంధువు ఒకాయన నన్ను గుర్తుపట్టి, రెండు నవ్వు బొమ్మలు కూడా కలిపి పంపాడు. వదిన కళ్లజోడు పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తూ సెల్ చూస్తోంది. నా గొంతు వినబడింది. బియ్యం, గింజలు, నవ్వులు, ఆ తర్వాత ఆ మాట. వంటింట్లో నిలబడి నేను మొత్తం విన్నాను. అయిపోయాక ఆమె మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది. రెండోసారి కూడా మొత్తం చూసి, సెల్ పక్కన పెట్టి, కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"వదినా" అన్నాను, పక్కకు పోయి.

"గమ్ముగుండు."

"తప్పయిపోయింది వదినా. ఆ ఊరి పేరు..."

"గమ్ముగుండమ్మే అంటి కదా."

పోట్లాడి ఉంటే నాకు ప్రాణం కుదుటపడేది. పోట్లాడటం మాకిద్దరికీ వచ్చిన పని. ఆమె నోరు విప్పలేదు. మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వస్తే, మజ్జిగ పోస్తూ, "నేను మడకశిరకు పోతాన్రా. ఆదివారం" అంది. మడకశిరలో వాళ్ల చిన్న తమ్ముడి ఇల్లుంది. ఎన్ని దినాలకు అని ఆయన అడిగితే, "చూస్తాం. ఆడ కూడా ఒక గదుంది కదా" అంది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ మనిషి ఆ ఇల్లు వదిలి నాలుగు రోజులు ఎక్కడా ఉండలేదు.

ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పలేను. ఆమె ఎప్పటిలాగే లేచింది, వండింది, అన్నం వడ్డించింది. బియ్యం కొలిచేటప్పుడు మాత్రం నేను అటు పోలేదు, ఏ ముఖం పెట్టుకుని పోను? ఇన్నేళ్లూ ఈ మనిషి లేకపోతే ఇల్లు నాదవుతుందని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఆమె చేతిసంచిలో చీరలు మడిచి పెట్టుకుంటుంటే నేను అక్కడ నిలబడలేక దొడ్లోకి పోయాను. ఆమె పోతే అది నా వల్ల. ఊరంతా అదే అంటుంది, నిజమే అంటుంది.

బుధవారం టీచరమ్మ దగ్గరికి పోయి అంతా కక్కేశాను. ఆమె నన్ను ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు.

"మనం ఎవరి రోజు ఆడతాం?" అంది.

"చెప్పినామె రోజు."

"ఆమె నీకు చెప్పిందా?"

లేదన్నాను.

"మరి నువ్వు ఆడింది ఏందమ్మా? ఆమె ఎదురుగా కూర్చుని ఉంటే అట్ల కాదని అనేది కదా. ఆమెను ఇంట్లో వంటకు పెట్టి నువ్వు బయట ఆడితివి."

నాకు కోపం వచ్చింది, మాట పడటం నాకు అలవాటు లేదు. ఇంక ఆ ముక్క ఆడనని, ఈ ఆదివారం పెనుకొండకు కూడా రానని చెప్పి వచ్చేశాను.

శనివారం సాయంత్రం దీపం పెట్టి వచ్చిన వదిన, ఐదు రోజుల్లో మొదటిసారి తనంతట తాను నాతో మాట్లాడింది. "రేపు యాడ మీ ఆట?"

"పెనుకొండ. నేను పోవడం లేదు వదినా."

"పోదాం. నేనూ వస్తా. అట్నుంచి అటే మడకశిర బస్సెక్కుతా."

ఎందుకని అడిగే ధైర్యం లేక సరేనన్నాను. రాత్రంతా ఆమె అక్కడ నలుగురిలో నన్ను కడిగేస్తుందనే అనుకున్నాను. కడిగితే కడగనీ, అది నాకు తగిందే అని కూడా అనుకున్నాను.

పెనుకొండలో పొదుపు సంఘాల హాలు. మీటింగు అయ్యాక ఆడవాళ్లు ఒక నలభై మంది ఉండిపోయారు. వదిన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సరదా ముక్క మేం ఆడలేదు. టీచరమ్మ నేరుగా నిలబడి, ఒక్క రోజు చెప్పండి అంది. నేను నేలచూపులు చూస్తున్నాను.

"నేను చెప్తా" అంది వదిన.

లేచి వచ్చి చెప్పేవాళ్ల కుర్చీలో కూర్చుంది. "నాకు ఇరవై రెండేండ్లప్పుడు ధర్మవరంలో రైలెక్కితి, మా హిందూపురం పోదామని. ఈ పెనుకొండలో దిగితి. పొద్దుగూకేదాకా స్టేషన్లో కూర్చుంటి. మల్ల ఇంగో రైలెక్కి ఇంటికి పోతి. అంతే. ఆడండి."

నేను ఆమెను ఎవరు ఆడాలో చూస్తూ వెనక్కి తగ్గుతున్నాను. వదిన వేలు చూపించింది. "ఆయమ్మే ఆడనీ. ఆయమ్మకు నేను బాగా వస్తా కదా."

గార్మెంట్స్ అమ్మాయి నా చేతిని గట్టిగా నొక్కి వదిలింది.

మొదటిసారి నేను ఏడ్చాను. రెండు కుర్చీలు కలిపి బెంచీ చేసుకుని, మోకాళ్లలో ముఖం పెట్టుకుని, మెట్టినింటి వాళ్లు తరిమేసిన ఇరవై రెండేళ్ల పిల్ల ఎట్లా ఏడుస్తుందో అట్లా ఏడ్చాను. నిజంగానే ఏడుపు వచ్చింది, వారం రోజులది కలిపి. హాల్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. నేను తల ఎత్తి వదిన వైపు చూశాను.

"అట్ల కాదు" అంది.

రెండోసారి ఏడవలేదు. లేచి పట్టాల వైపు నడిచాను. గార్మెంట్స్ అమ్మాయి కూలీమనిషిగా వచ్చి, రెక్క పట్టి, "ఏమ్మా, చిన్నపిల్లవి, ఏం పని ఇది" అని వెనక్కి లాగింది. ఇద్దరం కిందపడ్డాం.

"అట్ల కాదు" అంది వదిన, ఈసారి విసుగ్గా. "నేనేం సచ్చేదానికి దిగలే."

ఇంక నాకు దారి తెలియలేదు. ఒక ఆడది ఆ పరిస్థితిలో ఏం చేస్తుందో నాకు రెండే తెలుసు, రెండూ ఆడేశాను. నేల మీద అట్లాగే కూర్చుని, ఆటలో ఉన్నానన్నది కూడా మరిచిపోయి, "మరెట్ల వదినా? నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె సంచి పట్టీ సవరించుకుంది.

"నన్ను ఎవురూ తరమలే" అంది. "నేనే వచ్చినా."

హాల్లో ఎవరో దగ్గుతుంటే పక్కామె ఊరుకోమంది.

"ఆ ఇంట్ల కొట్టలే, తిట్టలే. కట్టుకున్న ఆయప్ప నాతో మాట్లాడేవాడు కాదు. మూడేండ్లు. ఉప్పు కావాలన్నా వాళ్లమ్మకు చెప్తే ఆయమ్మ నాకు చెప్పేది. ఒక దినం పొద్దున వాకిలి ఊడుస్తాంటే, ఇంగ ఈ వాకిలి ఊడ్చను అనిపించె. చీపురు ఆడనే పెట్టి స్టేషన్‌కు నడిచిపోతి. రైల్లో కూర్చున్న్యాక చూస్కుంటే నాకు ఏడుపు రాలే. ఇంటికి పోతే ఏడ్వాల కదా? నవ్వు మొగం పెట్టుకొని ఎట్ల పోతాం? అందుకని ఏడుపు వచ్చేదాక కూర్చుందామని ఈడ దిగితి. పొద్దుగూకేదాక కూర్చున్న్యా, రాలే. ఎంత యాదికి తెచ్చుకున్న్యా రాలే. స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేస్తాండ్రి. రెండు ప్లేట్లు తింటి. బెంచీ మీద కాళ్లు చాపుకొని, ఒక్కదాన్నే, అందరి ముందర. అంత హాయి నాకు ఆ ముందూ లేదు, ఆ తర్వాతా లేదు."

మొదట వెనక వరసలో ఒకామె నవ్వింది. వదిన ఆమె వైపు చూసి తానూ నవ్వింది.

"మల్ల ఇంట్లో ఏడ్చింది ఎట్లమ్మా?" అని ఆమె అడిగింది.

"రైలు దిగేటప్పుడు బజ్జీ తిన్న చేయి కంట్లో రుద్దుకుంటి. ఇంటికి పొయ్యేటప్పటికి రెండు కండ్లూ ఎర్రగ వాచిపోయినాయి. వాకిట్లో మా నాయన నన్ను చూసి, ఏమ్మా తరిమేసినారా అనె. నేను తల ఊపితి."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. నలభై మంది ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నేను నేల మీద కూర్చుని నవ్వుతూ ఏడుస్తున్నాను, ఏది ఎప్పుడు వస్తోందో నాకే తెలియలేదు. నా గుండె మీది బరువు దిగిపోయిందని అప్పుడే అనిపించింది, ఆమె ఇంకా నన్ను క్షమించానని అనకపోయినా.

టీచరమ్మ ఒక్కతే నవ్వలేదు. "మీరే వచ్చేశానని ఎందుకు చెప్పలేదమ్మా?" అని నెమ్మదిగా అడిగింది.

"తరిమినారంటే అన్నం పెడతారు" అంది వదిన. "వచ్చేసినానంటే తిప్పి పంపుతారు."

నవ్వులు ఆగిపోయాయి. ఆ హాల్లో ఆ మాట అర్థం కాని ఆడది ఒక్కతీ లేదు.

"ధర్మవరమోళ్లు అబద్ధమని అనలేదా మరి?" అని వెనక వరసామె అడిగింది.

"వాళ్లేంటికి అంటారు? కోడలు వదిలేసి పోయిందంటే వాళ్లకు నామోషీ కదా. మా నాయన పొయ్యి కాళ్లు పట్టుకుంటే, అవును, మేమే పంపించేసినాం, మాకొద్దు అనిరి. వాళ్ల మర్యాద వాళ్లకు మిగిలె, నా ఇల్లు నాకు మిగిలె. మా నాయన కాళ్లు పట్టుకునింది ఒకటే నాకు ఇప్పటికీ కడుపులో ఉండాది."

అప్పుడు మూడోసారి ఆడాం. నేను బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. గార్మెంట్స్ అమ్మాయి ఉత్త చేతుల్తో ఉగ్గాని పొట్లం తెచ్చి ఇచ్చింది. తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని రెండుసార్లు ముఖం చిట్లించి ప్రయత్నించాను, రాలేదు, ఇంకో ప్లేటు చెప్పాను. ఎదురుగా కుర్చీలో వదిన నోరు కూడా నాతోపాటే మెల్లగా నములుతోంది. అంతకు ముందు ఊరూరా ఆమెను ఎన్నిసార్లు ఆడానో, ఆమె అంటే ఏమిటో తెలిసి ఆడింది అదే మొదలు. ఒకటి తప్పు చేశాను, బజ్జీ కుడి చేత్తో తిని ఎడమ చేత్తో కన్ను రుద్దుకున్నాను. ఆమె ఊరుకుంటుందా, దాన్ని కూడా దిద్దించి, అప్పుడు చాలంది.

బస్టాండులో మడకశిర బస్సు నిలబడి ఉంది. కండక్టరు అరుస్తున్నాడు. నేను అటు చూడలేక సోడా బండి వైపు చూస్తూ నిలబడ్డాను. టీచరమ్మా వాళ్లూ కాస్త దూరంగా ఆగిపోయారు.

"నువ్వు బియ్యం కొలిచి చూపించింది నాకేం కోపం లేదు" అంది వదిన. "నేను కొలిచేది అట్లనే. ఊర్లోవాళ్లు నవ్వితే నవ్వనీ. తరిమినారు అంటివే, దానికి కాలింది నాకు. ముప్పై తొమ్మిదేండ్లు ఇంట్లో ఆ మాట మింగితి, నాకు అవసరం కాబట్టి. నాకోసం నేను ఆడిన అబద్ధం అది. నలుగురిలో దాన్ని నువ్వు చెప్పేదేంది?"

"తప్పు వదినా."

"తప్పే."

అంతే అంది. తర్వాత హిందూపురం బస్సు వస్తే, నా కంటే ముందు ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టుకుంది. మడకశిర మాట ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. సోమందేపల్లి దాటేసరికి తల నా భుజం మీద వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయింది. ముప్పై ఏళ్లలో ఆమె నన్ను ఆనుకుని కూర్చోవడం అదే మొదటిసారి, భుజం తిమ్మిరెక్కినా నేను హిందూపురం వచ్చేదాకా కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా ఆయన టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. అక్క తిరిగి రావడం చూసి ముఖం వెలిగింది కానీ, ఏమీ అడగకుండా టీవీ గొంతు తగ్గించాడు. వదిన సంచి గదిలో పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుంది. "రేయ్, ఒక మాట చెప్పాల నీకు" అని మొదలుపెట్టి, హాల్లో చెప్పిందంతా చెప్పింది. వాకిలి ఊడ్చడం, రైలు, ఉగ్గాని, కంట్లో కారం. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఆమె మాటలు హాల్లో కంటే నెమ్మదిగా వచ్చాయి, రెండుసార్లు మధ్యలో ఆగింది. నేను గడప దగ్గర నిలబడి మా ఆయన ముఖమే చూస్తున్నాను. అప్పట్లో మామగారి వెంట ధర్మవరం పోయింది ఆయనే, అప్పటికి పద్దెనిమిదేళ్లు. నాయన కాళ్లు పట్టుకోవడం కళ్లారా చూసింది ఆయనే. కోప్పడతాడనే అనుకున్నాను. కోప్పడితే తప్పు పట్టడానికి కూడా లేదు.

"ఆ దినమే నాయనకు చెప్పింటే అయిపోవు కదక్కా" అన్నాడు.

"చెప్పింటే ఏం చేసింటాడు?"

ఆయన టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ అక్క వైపు చూశాడు. ఏదో ఒక మంచి జవాబు కోసం వెతుకుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నాయన కూర్చోబెట్టి మాట్లాడేవాడనో, అర్థం చేసుకునేవాడనో అనడానికి నోరు తెరిచి, మూశాడు.

"మర్నాడు మొదటి రైలుకే తోడ్కొనిపొయ్యి దింపొచ్చింటాడు" అన్నాడు చివరకు. "నీ పెట్టె నేనే మోసుకొచ్చింటా."

"తెలుసు" అంది వదిన, ఏ కోపమూ లేకుండా. చెయ్యి చాచి ఆయన మోకాలి మీద పెట్టింది. "అందుకే నీకు గూడా చెప్పలే."